మైన్ ప్రూఫ్ వాహనాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

మైన్ ప్రూఫ్ వాహనం మందుపాతరకు ఎగిరిపడిందని ఎక్కడైనా వార్త వస్తే చాలు, "మైన్ ప్రూఫ్ అన్నారు కదా, మరి ఇలా ఎందుకైంది?" అని అడుగుతారు. ఆ ఒక్క ప్రశ్నకు సరిగ్గా జవాబు చెప్పాలంటే ఇంకో పదిహేను ఇరవై ప్రశ్నలకు చెప్పాల్సి వస్తుంది. ఈ పేజీ అలా పెరిగిందే. నాకు ట్యాంకుల మీద, ఫిరంగుల మీద పెద్ద ఆసక్తి లేదు. ఈ వాహనం మీద మాత్రం గౌరవం ఉంది. లోపల కూర్చున్న మనిషిని ఎలా బతికించాలి అన్న దగ్గరే దీని డిజైన్ మొదలవుతుంది, మిగతావన్నీ ఆ తర్వాతే.

అసలు మైన్ ప్రూఫ్ వాహనం అంటే ఏమిటి?

చక్రాల మీద నడిచే కవచ వాహనం. చూడటానికి బాగా ఎత్తయిన ట్రక్కులా ఉంటుంది. కింద మందుపాతర పేలినా, దారి కాచి కాల్పులు జరిపినా లోపలివాళ్ల ప్రాణాలు నిలబెట్టడం దీని పని. చిన్నవాటిలో నలుగురైదుగురు, పెద్దవాటిలో పది పన్నెండు మంది పడతారు. పైన మెషిన్ గన్ బిగిస్తారు గానీ అది ఆత్మరక్షణ కోసమే. పోలీసు, పారామిలిటరీ బలగాలు దీన్ని ఎంపీవీ అంటాయి, అంటే మైన్ ప్రొటెక్టెడ్ వెహికల్. అమెరికా సైన్యం మైన్ రెసిస్టెంట్ యాంబుష్ ప్రొటెక్టెడ్ అని పేరు పెట్టి, పొట్టిగా ఎమ్‌రాప్ అని పిలుస్తుంది. పేర్లు వేరైనా జాతి ఒక్కటే.

పేరులోనే 'ప్రూఫ్' ఉంది. అయినా లోపలివాళ్లు చనిపోతున్నారు, ఎందుకు?

'ప్రూఫ్' అన్నది వాడుకలో అంటుకున్న మాట. తయారుచేసేవాళ్లు ప్రొటెక్టెడ్ అనో రెసిస్టెంట్ అనో రాస్తారు. వాటర్ ప్రూఫ్ వాచీ మీద ఇన్ని మీటర్ల లోతు వరకే అని రాసి ఉంటుంది చూడండి, ఇదీ అంతే. ఇన్ని కిలోల పేలుడు వరకు తట్టుకుంటుంది అని ప్రతి వాహనానికీ ఒక లెక్క ఉంటుంది.

ఉదాహరణకు దక్షిణాఫ్రికా కాస్పిర్‌ను తీసుకోండి. చక్రం కింద 21 కిలోల టీఎన్‌టీ అనే పేలుడు మందు, పొట్ట కింద అయితే 14 కిలోల టీఎన్‌టీ పేలినా లోపలివాళ్లు బతకాలన్న లెక్కతో దాన్ని తయారుచేశారు. ట్యాంకులను ఆపడానికి పెట్టే సోవియట్ మందుపాతర టీఎం-57లు చక్రం కింద మూడు, పొట్ట కింద రెండు ఒకేసారి పేలినంత అన్నమాట. ఆ కాలానికి అది చాలా పెద్ద భరోసా.

చిక్కు ఎక్కడ వస్తుందంటే, ఫ్యాక్టరీలో తయారైన మందుపాతరకు ఒక సైజు ఉంటుంది. అదే రకం సోవియట్ మందుపాతర టీఎం-62లో ఉండే మందు సుమారు ఏడున్నర కిలోలు. చేత్తో తయారుచేసి రోడ్డు కింద పూడ్చేదానికి అలాంటి హద్దు లేదు. పదుల కిలోలు, ఒక్కోసారి వంద కిలోలు దాటి కూడా పెడతారు. అలాంటిది పేలితే పది పదిహేను టన్నుల వాహనం గాల్లోకి లేస్తుంది. ఉక్కు చిరగకపోవచ్చు, పొగ లోపలికి రాకపోవచ్చు. అయినా లేచినప్పుడు తగిలే దెబ్బ, మళ్లీ నేల మీద పడ్డప్పుడు తగిలే దెబ్బ, ఈ రెండింటికీ మనిషి వెన్నెముక, మెడ తట్టుకోలేవు. అందుకే ఆ 'ప్రూఫ్' అనే మాటంటే నాకు భయం. ఆ మాట నమ్మి ఎక్కినవాడు బెల్టు పెట్టుకోవడం మానేస్తాడు.

అడుగు భాగం 'వి' ఆకారంలో ఎందుకు ఉంటుంది?

వాలు కప్పు మీద పడ్డ వాన రెండు వైపులా జారిపోతుంది. కప్పు చదునుగా ఉంటే నీళ్లు అక్కడే నిలిచి బరువు మోపుతాయి. ఈ వాహనం పొట్ట తిరగేసిన కప్పు లాంటిది, వాన కింద నుంచి వస్తుంది. అంతే తేడా.

భూమిలో పూడ్చిన మందుపాతర పేలినప్పుడు వేడి వాయువులతో పాటు పైన ఉన్న మట్టి, రాళ్లు కూడా పైకి ఎగజిమ్ముతాయి. వాహనాన్ని ఎక్కువగా కొట్టేది ఆ మట్టే. తడిసి గట్టిపడ్డ నేలలో పెట్టిన మందుపాతర పొడి ఇసుకలో పెట్టినదానికంటే గట్టిగా తంతుంది. చదునైన అడుగు ఉంటే ఆ తాపు మొత్తం నేరుగా పైకి వస్తుంది. ఏటవాలుగా ఉన్న ఉక్కు పలకకు తగిలితే చాలా భాగం పక్కలకు మళ్లిపోతుంది.

రెండో సంగతి ఎత్తు. పేలుడు బలం దూరంతో చాలా వేగంగా తగ్గిపోతుంది. నేలకూ పొట్టకూ మధ్య పెరిగే ప్రతి అంగుళం లోపలివాళ్లకు మేలే. ఈ వాహనాలన్నీ ఏనుగుల్లా ఎత్తుగా కనిపించడానికి అదే కారణం. మూడోది, అడుగు భాగానికి అతుకులు తక్కువ ఉండాలి. పేలుడు ముందు వెతికేది వెల్డింగ్ అతుకునే. మంచి డిజైన్లలో మనుషులు కూర్చునే గది మొత్తం ఒకే ఉక్కు పెట్టెలా ఉంటుంది, వేరే ఛాసిస్ ఉండదు.

పేలినప్పుడు చక్రాలు ఊడి ఎగిరిపోతాయట. అది లోపం కాదా?

కాదు, కావాలని చేసినదే. ఎక్కువసార్లు పేలుడు జరిగేది చక్రం కింద. ఆ చక్రం, ఇరుసు గట్టిగా పట్టుకుని ఉంటే దెబ్బ మొత్తం బాడీలోకి పాకుతుంది. తెగి ఎగిరిపోతే ఆ శక్తిలో కొంత వాటితోనే పోతుంది. పేలాక ఊడినదాన్ని తీసేసి కొత్తది బిగిస్తారు.

ఈ ఆలోచన ఎంత దూరం వెళ్లిందో చెప్పడానికి 1970ల చివర్లో వచ్చిన దక్షిణాఫ్రికా బఫెల్ మంచి ఉదాహరణ. దాని టైర్లలో తరచూ నీళ్లు నింపేవారు, ఒక్కో టైరులో సుమారు 500 లీటర్లు. నాలుగింటికీ కలిపి రెండు టన్నుల బరువు. పేలుడు వేడిని, బలాన్ని ఆ నీళ్లు మింగేవి. సైనికులు తాగే నీళ్ల ట్యాంకునూ, ప్లాస్టిక్ ఇంధన ట్యాంకునూ 'వి' అడుగుకూ కాళ్ల కింది ఫ్లోరుకూ మధ్య పెట్టారు, అవి కూడా మెత్తలా పనికొస్తాయని. తాగునీటిని కూడా కవచంగా వాడుకున్న ఆ ఇంజనీర్లను తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

లోపల సీట్లు పైకప్పుకు వేలాడుతుంటాయి. ఎందుకలా?

ఈ వాహనంలో నన్ను అన్నిటికంటే కట్టిపడేసేది సీటే.

ఒకసారి రక్షణ ఉత్పత్తుల ప్రదర్శనలో ఇలాంటి వాహనం ఎక్కి కూర్చునే అవకాశం వచ్చింది. కూర్చోగానే అలవాటుగా కాళ్లు కింద పెట్టాను. పక్కనున్న సాంకేతిక నిపుణుడు వెంటనే "కాళ్లు పైన పెట్టండి సార్" అన్నారు. అప్పుడు చూశాను, ఫ్లోరుకు జానెడు ఎత్తున సీటుకే తగిలించిన చిన్న ఫుట్‌రెస్టు. సీటు కాళ్లు ఫ్లోరుకు బిగించి లేవు. పైనుంచి, పక్క గోడ నుంచి పట్టీలతో వేలాడుతోంది. బెల్టు రెండు భుజాల మీదుగా, నడుముకు రెండు వైపులా, తొడల మధ్య నుంచి వచ్చి పొట్ట దగ్గర ఒకే బకిల్‌లో పడుతుంది.

కారణం ఇది. పేలుడు జరిగినప్పుడు ఫ్లోరు పైకి ఉబుకుతుంది. సెకనులో వెయ్యో వంతుల లెక్కలో జరిగిపోయే పని అది, రెప్ప వేసేలోపే అయిపోతుంది. ఆ క్షణంలో పాదం ఫ్లోరుకు ఆని ఉంటే మడమ, చీలమండ, కాలి ఎముక నుజ్జవుతాయి. సీటు ఫ్లోరుకు బిగించి ఉంటే అదే దెబ్బ నడుము నుంచి వెన్నెముకలోకి ఎక్కుతుంది. వేలాడే సీటుకు ఆ దారి తెగిపోయింది. పైగా దాని పట్టీల్లోనో రాడ్లలోనో సాగడానికి, నలగడానికి ఒక భాగం ఉంటుంది. మనిషి వెన్ను బదులు అది నలుగుతుంది.

పరీక్షల్లో మనుషుల బదులు కార్ల క్రాష్ టెస్టుల్లో వాడే బొమ్మలనే కూర్చోబెడతారు. నాటో పద్ధతిలో బొమ్మ కాలి ఎముక మీద పడే బలం 5.4 కిలోన్యూటన్లు దాటకూడదు, వెన్నెముక దెబ్బను కొలిచే డైనమిక్ రెస్పాన్స్ ఇండెక్స్ 17.7 దాటకూడదు. ఆ గీత దగ్గర కూడా చెప్పుకోదగ్గ గాయమయ్యే అవకాశం పదిలో ఒకటి ఉంటుంది. అంటే 'పాస్' అయిన వాహనంలో కూడా ఒళ్లు నొప్పి లేకుండా దిగిపోతారని కాదు.

బెల్టు పెట్టుకోకపోతే ఏమవుతుంది?

తల పైకప్పుకు కొట్టుకుంటుంది. హెల్మెట్ ఉన్నా మెడ మిగలకపోవచ్చు. బెల్టు లేని మనిషి పక్కవాళ్ల మీద కూడా పడతాడు. ఇదే మాట వస్తువులకూ వర్తిస్తుంది. సీటు కింద ఊరికే తోసిన తూటాల పెట్టె, నీళ్ల క్యాను, టూల్ బాక్సు, కట్టని మంటలార్పే సిలిండరు, పేలుడు వేళ ఒక్కొక్కటీ ఇనుప గుండులా ఎగురుతుంది. అందుకే శిక్షణ ఇచ్చేవాళ్లు బయలుదేరే ముందు లోపల ప్రతి వస్తువునూ చేత్తో లాగి చూడమంటారు. కదిలితే కట్టాలి, లేదా దించేయాలి.

ఇవి మొదట ఎక్కడ పుట్టాయి?

ఆఫ్రికా ఖండం దక్షిణ భాగంలో, 1970లలో. అప్పటి రొడీషియాలో, అంటే ఇప్పటి జింబాబ్వేలో, గెరిల్లా యుద్ధం నడుస్తోంది. మట్టి రోడ్ల మీద ట్యాంకు మందుపాతరలు పెట్టేవారు. మామూలు జీపులు, ట్రక్కులు చిందరవందర అయ్యేవి. మొదట ఫ్లోరు మీద ఇసుక బస్తాలు పరిచారు. తర్వాత చిన్న వర్క్‌షాపుల్లో, ఫోక్స్‌వ్యాగన్ భాగాలతో, 'వి' ఆకారపు అడుగుతో బండ్లు కట్టడం మొదలైంది. 1974లో వచ్చిన లెపర్డ్ అలాంటిదే. మందుపాతరలను ముందే కనిపెట్టడానికి ఒంటి సీటు బండి ఒకటి తయారుచేశారు. దానికి ఫార్ములా వన్ రేసు కార్ల వెడల్పాటి టైర్లు వేశారు. బరువు వెడల్పుగా పరుచుకుని, మందుపాతర మీదుగా వెళ్లినా అది పేలదు.

దక్షిణాఫ్రికా ఆ పాఠాలను తీసుకుని పెద్ద ఎత్తున అభివృద్ధి చేసింది. హిప్పో, బఫెల్, తర్వాత కాస్పిర్. కాస్పిర్ అన్న పేరుకు అర్థం లేదు. వాడే సంస్థ సౌత్ ఆఫ్రికన్ పోలీస్, డిజైన్ చేసిన సంస్థ సీఎస్ఐఆర్ అనే పరిశోధన మండలి. ఈ రెండింటి ఇంగ్లిష్ పొడి అక్షరాలను కలిపి అటూ ఇటూ మారిస్తే వచ్చిన పేరది. సీఎస్ఐఆర్‌లో పనిచేసిన శాస్త్రవేత్త వెర్నన్ జాయింట్ ఈ రంగంలో పెద్ద పేరు. ఆయన అనుభవమే తర్వాత అమెరికా వాహనాలకూ చేరింది.

ఒక నిజం దాచకూడదు. 1980లలో వర్ణ వివక్ష ప్రభుత్వం ఇదే కాస్పిర్లను నల్లజాతి ప్రజల పేటల్లోకి నడిపించింది. అక్కడ పెరిగిన వాళ్లకు ఆ పసుపు రంగు వాహనం ప్రాణరక్షకి కాదు, పీడకల. ఆ ప్రాంతంలో యుద్ధాలు ముగిశాక అదే రకం వాహనాలు మొజాంబిక్, అంగోలా లాంటి చోట్ల మందుపాతరలు తొలగించే పనికి దిగాయి. ఉక్కు ఒక్కటే, ఎవరి చేతిలో ఉంది అన్నదే లెక్క.

ఈ పరిజ్ఞానం 1970ల నుంచే ఉంటే, ఇరాక్‌లో అమెరికా సైనికులు అంతమంది ఎందుకు చనిపోయారు?

నన్ను చాలా బాధపెట్టే ప్రశ్న ఇది.

2003లో ఇరాక్‌లోకి వెళ్లిన అమెరికా సైన్యం ఎక్కువగా హమ్వీలలో, అంటే పెద్ద జీపుల్లాంటి వాహనాల్లో తిరిగింది. చదునైన అడుగు, నేలకు దగ్గరగా ఉండే బాడీ, చాలావాటికి కవచమే లేదు. రోడ్డు పక్క బాంబులు మొదలయ్యాక తలుపులకు ఇనుప రేకులు అతికించుకున్నారు. తర్వాత కవచం ఉన్న హమ్వీలు వచ్చాయి. పక్క నుంచి వచ్చే దెబ్బకు అవి కొంత పనికొచ్చాయి గానీ, కింద నుంచి వచ్చేదానికి అడుగు ఆకారం మారలేదు కాబట్టి పెద్దగా ఉపయోగం లేదు. బరువు పెరిగి ఇంజను, సస్పెన్షన్ మూలిగాయి.

2005 ఫిబ్రవరిలో ఇరాక్‌లోని మెరైన్ కమాండర్లు అత్యవసరంగా 1,169 ఎమ్‌రాప్‌లు కావాలని రాసి అడిగారు. ఆ కాగితం చాలాకాలం కదల్లేదు. కవచం ఎక్కించిన హమ్వీలు చాలని, యుద్ధం ఎలాగూ త్వరలో ముగుస్తుందని పైవాళ్లు అనుకున్నారు. 2007 మే నెలలో రక్షణ మంత్రి రాబర్ట్ గేట్స్ దీన్ని తన శాఖలో అన్నిటికంటే ముఖ్యమైన కొనుగోలుగా ప్రకటించాకే పని పరుగెత్తింది. ఒకే కంపెనీ అన్ని తయారుచేయలేదు కాబట్టి చాలా కంపెనీలకు ఒకేసారి ఆర్డర్లు ఇచ్చారు. కవచం ఉక్కు, పెద్ద టైర్లు దొరకడమే కష్టమైంది. తయారైనవాటిని ఓడల కోసం ఆగకుండా సి-17, సి-5 రవాణా విమానాల్లో ఎక్కించి పంపారు. కొన్నేళ్లలో 27,000కు పైగా వాహనాలు తయారయ్యాయి. ఖర్చు 4,000 కోట్ల డాలర్లకు పైనే.

ఇంత వేగంగా చేయగలిగినవాళ్లు రెండేళ్ల ముందే మొదలుపెట్టి ఉంటే ఎన్ని కుటుంబాలకు తమవాళ్లు ఇంటికి తిరిగొచ్చేవారో! కొత్తగా కనిపెట్టాల్సింది పెద్దగా ఏమీ లేదు. అడిగినవాళ్ల మాట వింటే సరిపోయేది.

బరువు, వేగం, ధర ఎంత?

రకాన్ని బట్టి చాలా తేడా ఉంటుంది. బ్రిటన్ ఫాక్స్‌హౌండ్ ఏడున్నర టన్నుల దగ్గర ఉంటుంది. అమెరికా నాలుగు చక్రాల కూగర్ సుమారు 17 టన్నులు. బాంబులు వెతికే ఆరు చక్రాల బఫెలో 20 టన్నులు దాటుతుంది. మంచి రోడ్డు మీద ఎక్కువ రకాలు గంటకు 90 నుంచి 105 కిలోమీటర్ల వరకు వెళ్తాయి. అమెరికా కొన్నవాటికి ఒక్కోదానికి రకాన్ని బట్టి సుమారు 5 లక్షల నుంచి 10 లక్షల డాలర్లు పడింది.

ట్యాంకు ఇంకా బలమైనది కదా, దాన్నే వాడొచ్చుగా?

ట్యాంకు వేరే పని కోసం పుట్టింది. దాని కవచం ముందు వైపు బాగా మందం, అడుగున పలచన. ఇంధనం విపరీతంగా తాగుతుంది, తారు రోడ్లను పాడుచేస్తుంది, లోపల ముగ్గురు నలుగురే పడతారు. రోజూ రోడ్డు మీద మనుషులను ఒక చోట నుంచి ఇంకో చోటికి చేర్చడానికి చక్రాల వాహనమే సరైనది.

'లెవెల్ 4ఎ, 4బి' అని రాస్తుంటారు. వాటి అర్థం?

అవి నాటో ప్రమాణం స్టానాగ్ 4569 చెప్పే స్థాయిలు. మందుపాతరల విషయంలో లెవెల్ 2 అంటే 6 కిలోలు, లెవెల్ 3 అంటే 8 కిలోలు, లెవెల్ 4 అంటే 10 కిలోల మందు. 'ఎ' అంటే చక్రం కింద పేలినప్పుడు, 'బి' అంటే పొట్ట మధ్యలో పేలినప్పుడు. రెండిట్లో 'బి' చాలా కష్టం, ఎందుకంటే అక్కడ బలి ఇవ్వడానికి చక్రం లేదు. కాబట్టి ప్రకటనలో 4ఎ అని ఉండి పక్కన 3బి అని ఉంటే, పొట్ట కింద రక్షణ ఒక మెట్టు తక్కువని తెలుసుకోవాలి.

తూటాలకు వేరే స్థాయిలు ఉంటాయి. అక్కడ లెవెల్ 4 అంటే 200 మీటర్ల నుంచి వచ్చే 14.5 మిల్లీమీటర్ల హెవీ మెషిన్ గన్ తూటాను ఆపాలి. ఒక వాహనం మందుపాతరలకు లెవెల్ 4, తూటాలకు లెవెల్ 2 కావొచ్చు. ఏ లెవెల్ దేనికో అడగకుండా అంకె ఒక్కటి చూసి మంచిది అనుకోకండి.

ఇవి సులువుగా బోల్తా పడతాయంటారు. నిజమేనా?

నిజమే, చిన్న సమస్య కూడా కాదు. మందుపాతర కోసం ఎత్తు పెంచారు, ఆ ఎత్తే మలుపుల్లో శత్రువైంది. బరువంతా పైన ఉంటుంది. ఇరాక్, అఫ్గానిస్తాన్‌లలో కాలువ గట్ల మీది సన్నటి రోడ్లు ఈ బరువుకు అంచున విరిగిపోయేవి. వాహనం పక్కకు ఒరిగి కాలువలో తలకిందులుగా పడేది. లోపలివాళ్లకు బాంబుతో కాదు, నీళ్లతో ప్రాణాపాయం. కిందికి వేలాడే కరెంటు తీగలు ఇంకో ప్రమాదం. పైన బిగించిన యాంటెనాలు, గన్ టరెట్ వాటికి తగులుకునేవి.

తలుపు సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. కవచం ఉన్న తలుపు వంద కిలోలకు పైనే తూగుతుంది. నేను ఎక్కిన వాహనానికి గాలి పీడనంతో తెరిచే ఏర్పాటు ఉంది, అది ఆపేసి చేత్తో తోసి చూడమన్నారు. సమతలంగా ఉన్నప్పుడే భుజం ఆనించి తోయాల్సి వచ్చింది. వాహనం పక్కకు పడి ఆ తలుపు నెత్తి మీద ఉంటే, దాన్ని పైకి ఎత్తి బయటపడటం ఎలా ఉంటుందో ఊహించండి. అందుకే పైకప్పులో అత్యవసర ద్వారాలు పెడతారు. అమెరికా సైన్యం వాహనం క్యాబిన్‌ను ఒక ఇరుసు మీద బిగించి గుండ్రంగా తిప్పే యంత్రాలు తయారుచేసి, తలకిందులుగా వేలాడుతూ చీకట్లో బెల్టు విప్పుకుని బయటపడటం నేర్పింది. ఆ శిక్షణ తీసుకోనివాడికి ఎంత మంచి వాహనమైనా సగం వాహనమే.

అఫ్గానిస్తాన్ కొండ దారులకు ఇరాక్ వాహనాలు పనికిరావని తేలడంతో 2009లో ఆష్‌కాష్ కంపెనీ ఎం-ఏటీవీ వచ్చింది. చిన్నది, తేలిక, నాలుగు చక్రాలకూ విడివిడి సస్పెన్షన్. ఎత్తుకూ స్థిరత్వానికీ మధ్య రాజీ కుదర్చడంలో అది పెద్ద అడుగు.

లోపల ఏసీ ఎందుకు? యుద్ధంలో విలాసం కాదా?

కిటికీలు తెరుచుకోవు. అద్దాలు అరచేతి వెడల్పు మందంలో, గాజు, పాలికార్బనేట్ పొరలు కలిపి అతికించినవి. బయట 45, 50 డిగ్రీల ఎండ. లోపల పది మంది, ఒంటి మీద బులెట్ ప్రూఫ్ జాకెట్లు, పక్కనే వేడెక్కే రేడియోలు, జామర్లు. ఏసీ లేకపోతే గంటలో మనుషులు సొమ్మసిల్లుతారు. ఆస్ట్రేలియా బుష్‌మాస్టర్‌లో చల్లటి తాగునీటి ఏర్పాటు కూడా ఉంది, సైనికులు ఆ వాహనాన్ని అంతగా ఇష్టపడటానికి అదీ ఒక కారణమే. చెప్పాలంటే ఆ అద్దాలకు కూడా వేడి పడదు. ఏళ్ల తరబడి ఎండలో ఉంటే పొరలు విడిపోయి బుడగలు, మసకలు వస్తాయి, మార్చక తప్పదు.

రాకెట్ లాంచర్లను, రాగి పళ్లెం బాంబులను ఆపగలవా?

'వి' అడుగు కింద నుంచి వచ్చేదానికి. పక్క నుంచి వచ్చే ఆర్పీజీ రాకెట్లకు బయట ఇనుప కడ్డీల జాలీలు, వలలు తగిలిస్తారు. అవి రాకెట్ మొనను నలిపి సరిగ్గా పేలకుండా చేయాలని ఆశ, ప్రతిసారీ కుదరదు. ఇరాక్‌లో రాగి పళ్లేన్ని తూటాగా మార్చి కొట్టే బాంబులు అన్నిటికంటే ప్రమాదకరమయ్యాయి. కొన్ని బాంబులు ఇంజను వేడిని పసిగట్టి పేలేవి. వాటిని మోసం చేయడానికి వాహనం ముందు ఒక పొడవాటి కడ్డీ చివర వేడి చేసిన పెట్టెను వేలాడదీశారు. బాంబు ఆ పెట్టెను చూసి తొందరపడి పేలితే మనుషులున్న భాగం ఇంకా వెనకే ఉంటుంది. సైనికులు దాన్ని రైనో అనేవారు.

డ్రోన్లు వచ్చాక వీటి పని అయిపోయినట్టేనా?

ఉక్రెయిన్ యుద్ధం ఈ ప్రశ్నను గట్టిగా ముందుకు తెచ్చింది. అమెరికా మ్యాక్స్‌ప్రోలు, టర్కీ కిర్పీలు, ఆస్ట్రేలియా బుష్‌మాస్టర్లు అక్కడికి వెళ్లాయి. 2022 మార్చి 31న ఉక్రెయిన్ అధ్యక్షుడు జెలెన్‌స్కీ ఆస్ట్రేలియా పార్లమెంటుతో మాట్లాడుతూ బుష్‌మాస్టర్ పేరు చెప్పి మరీ అడిగారు. తర్వాతి వారాల్లోనే విమానాల్లో పంపడం మొదలైంది.

ఇవి గెరిల్లా యుద్ధాల కోసం, రోడ్ల కోసం తయారైనవి. ఫిరంగులు, డ్రోన్లు నిరంతరం వెతికే యుద్ధభూమిలో ఇంత ఎత్తయిన వాహనం దూరానికే కనిపిస్తుంది. బురదలో ఆ బరువు కూరుకుపోతుంది. పైకప్పు కవచం ఎప్పుడూ పలచనే, చిన్న డ్రోన్లు అక్కడే కొడతాయి. ఇప్పుడు పైన జాలీలు, జామర్లు తగిలించుకుని తిరుగుతున్నాయి. అయినా దెబ్బతిని కాలిపోయిన వాహనం నుంచి సిబ్బంది నడిచి బయటపడిన సందర్భాలు చాలా ఉన్నాయి. అందుకే పని అయిపోయిందని నేను అనను. పైకప్పును కూడా పొట్టతో సమానంగా ఆలోచించాల్సిన కాలం వచ్చింది.

భారతదేశంలో ఏవి వాడుతున్నారు?

సైన్యం మొదట దక్షిణాఫ్రికా కాస్పిర్లను కొన్నది. ఆ డిజైన్ ఆధారంగానే మెదక్ ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ, జబల్‌పూర్ వెహికల్ ఫ్యాక్టరీలు ఆదిత్యను తయారుచేశాయి. 2021లో కల్యాణి ఎం4 కోసం సైన్యం ఆర్డరు ఇచ్చింది. దానికి మూలం కూడా దక్షిణాఫ్రికా కంపెనీ పారమౌంట్ ఎంబోంబె 4.

యుద్ధం ముగిశాక ఇవి ఏమవుతాయి?

అఫ్గానిస్తాన్ నుంచి వెనక్కి తేవడానికి అయ్యే ఖర్చు ఎక్కువని 2013 ప్రాంతంలో అమెరికా సుమారు 2,000 ఎమ్‌రాప్‌లను అక్కడే కోయించి తుక్కు కింద అమ్మింది. కొన్ని మిత్రదేశాలకు వెళ్లాయి. కొన్ని అమెరికాలోనే పట్టణ పోలీసులకు చేరాయి, ఒక యూనివర్సిటీ పోలీసులకు కూడా. అక్కడి ప్రజలు మా వీధుల్లో యుద్ధ వాహనం ఎందుకని అడిగారు. ఆ ప్రశ్న న్యాయమైనదే. మందుపాతరలే లేని ఊళ్లో ఈ వాహనానికి భయపెట్టడం తప్ప మిగిలే పని చాలా తక్కువ.

మందుపాతరలను ప్రపంచమంతా నిషేధించింది కదా, ఇంకా ఈ వాహనాలెందుకు?

1997 ఒట్టావా ఒప్పందం నిషేధించింది మనుషులు అడుగు వేస్తే పేలే మందుపాతరలను. అది 1999 మార్చి 1 నుంచి అమల్లోకి వచ్చింది. వాహనాల కోసం పెట్టేవి ఆ ఒప్పందం కిందికి రావు. అమెరికా, రష్యా, చైనా, భారత్ అందులో చేరలేదు. 2025లో పోలండ్, ఫిన్లాండ్, మూడు బాల్టిక్ దేశాలు బయటికి రావాలని నిర్ణయించుకున్నాయి. ఆ వార్త చదివిన రోజు నాకు మనసు బాగోలేదు. పైగా ఎప్పుడో పూడ్చినవి దశాబ్దాల తర్వాత కూడా పేలుతూనే ఉంటాయి.

ఇలాంటి వాహనం ఉంటే ఏ రోడ్డు మీదైనా ధైర్యంగా వెళ్లొచ్చా?

లేదు. వాహనం అన్నిటికంటే చివరి రక్షణ. దానికి ముందు రోడ్డును నడిచి తనిఖీ చేసే బృందం, కల్వర్టుల కింద చూడటం, రోజూ ఒకే దారిలో ఒకే టైముకు వెళ్లకపోవడం, వాహనాల మధ్య దూరం పాటించడం ఉన్నాయి. పది మందిని ఒకే వాహనంలో ఎక్కిస్తే మందుపాతర పెట్టేవాడికి అది పెద్ద లక్ష్యం కూడా అవుతుంది. అందుకే కొన్ని చోట్ల బలగాలు ప్రమాదకరమైన దారిలో కాలినడకనే వెళ్తాయి.

ఒకసారి పేలుడు తిన్న వాహనాన్ని మళ్లీ వాడతారా?

చాలాసార్లు వాడతారు. ఊడిన చక్రాలు, ఇరుసులు మార్చి కొన్ని రోజుల్లోనే మళ్లీ రోడ్డెక్కించిన సందర్భాలున్నాయి. ముందు మాత్రం మనుషుల గదిని పూర్తిగా పరీక్షిస్తారు. వెల్డింగ్ వెంట వెంట్రుకంత పగులున్నా, 'వి' అంచు లోపలికి వంగినా, తలుపు చట్రం మెలిపడి తలుపు సరిగ్గా కూర్చోకపోయినా ఆ బాడీని పక్కన పెట్టేస్తారు. బయటికి బాగానే ఉన్నా సీట్లను మాత్రం అలాగే ఉంచకూడదు. లోపల నలగాల్సిన భాగం ఒకసారి నలిగిపోయింది, సాగాల్సిన పట్టీ ఒకసారి సాగిపోయింది. అవి రెండోసారి పనిచేయవు. సీటు, బెల్టు, పట్టీలు, అన్నీ విప్పి కొత్తవి బిగించాకే అందులో మళ్లీ మనుషులను ఎక్కించాలి.